శ్రీకాళహస్తి కలంకారీ మిత్రులకు 2022-23 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నా, కానీ ఈసారి నిజంగానే చెప్పుకోడానికి విషయం ఉంది. మీటింగ్‌కి వచ్చేవాళ్ళు తక్కువ, వాట్సాప్‌లో చదివేవాళ్ళు ఎక్కువ, అందుకే మొత్తం ఇక్కడే పెడుతున్నా. సగం చదివి "లెక్కలేవి" అని గ్రూప్‌లో అడగొద్దు, కిందున్నాయి.

రోజువారీ పనులు ముందు చెప్పేస్తా. రంగులకి కావాల్సిన కరక్కాయ, పటిక, మంజిష్ట అందరికీ కలిపి ఒకేసారి తెప్పించినాం, విడిగా కొనేదానికంటే చౌక పడింది, వాటా డబ్బులు ఇంకా కట్టనిది ఎవరో వాళ్ళకే తెలుసు. స్వర్ణముఖిలో నీళ్ళుంటే నదికి, లేకుంటే బోరు తొట్టికి, గుడ్డలు ఉతకడం ఈ ఏడాదీ అదే కథ. ఉతికే చోట గట్టు బాగు చేయించమని అర్జీ ఇచ్చినాం, ఆఫీసర్ మారిపోయినాడు, కొత్తాయన మళ్ళీ కొత్త అర్జీ రాసుకురమ్మన్నాడు, రాసిచ్చినాం, అది కూడా ఆ పాతదాని పక్కనే పడుకొని ఉంటుంది. పిల్లలకి వేసవి క్లాసులు జరిగినాయి. చింత బొగ్గుతో గీతలు గీయడం దాకా అందరూ వచ్చినారు, కలం పట్టేసరికి సగమయినారు, మామూలే.

ఇక అసలు సంగతి, ఎన్ఎఫ్‌టీలు, అంటే ఒక బొమ్మ పేరు మీద కంప్యూటర్‌లో పుట్టించి అమ్ముకునే టోకెన్లు. పోయిన సమావేశంలో ఈ మాట ఎత్తితే సగం మంది నవ్వినారు, మిగతా సగం మంది కోటీశ్వరులు అయిపోతామనుకున్నారు. 2021 మార్చిలో బీపుల్ అనే అమెరికా ఆర్టిస్ట్ డిజిటల్ బొమ్మ క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్లకు పోయిందన్న వార్త అందరి ఫోన్లలోనూ తిరిగింది కదా, ఆ మత్తు మనూళ్ళో అప్పటికింకా దిగలేదు. అందుకే కమిటీ ముందే ఒక మాట అనుకుంది, లాభం వస్తుందని ఎవరికీ చెప్పకూడదు, సంఘం డబ్బు రూపాయి కూడా క్రిప్టో కాయిన్లలో పెట్టకూడదు, నేర్పించడం వరకే మన పని.

ఇప్పటికీ అడుగుతున్నారు కాబట్టి మళ్ళీ చెప్తున్నా. టోకెన్ అంటే బొమ్మ కాదు, పొలానికి పాస్‌బుక్ ఎట్లో బొమ్మకి టోకెన్ అట్ల, ఎవరు మింట్ చేసినారు, అంటే పుట్టించినారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అనేది బ్లాక్‌చైన్‌లో, అంటే అందరి కంప్యూటర్లలో ఒకేలా ఉండే లెక్కల పుస్తకంలో, రాసుంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. కానీ ఇక్కడ తహసీల్దారు లేడు. నీ బొమ్మ ఫోటో తీసి ఎవడైనా వాడి పేరు మీద మింట్ చేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. మన సభ్యుల్లో ఒకాయనకి అదే జరిగింది, ఎగ్జిబిషన్‌లో ఎవరో తీసుకున్న ఫోటో, ఎవడిదో వ్యాలెట్ (టోకెన్లు పెట్టుకునే ఖాతా), కింద మాత్రం "ఒరిజినల్ ఇండియన్ ఆర్ట్" అని రాసుంది. టోకెన్లు అమ్మే సైట్, అదే మార్కెట్‌ప్లేస్‌కి కంప్లయింట్ పెడితే లిస్టింగ్ తీసేసినారు, కానీ టోకెన్ చైన్ మీద అట్లాగే ఉంది, ఉంటుంది. ఆయన "తీసేసినారు కదా, పోనీలే" అన్నాడు గానీ మాకు కడుపు మండింది.

దీంట్లోనే ఇంకొకటి, గుడ్డ కొన్నవాళ్ళు "మేం డబ్బిచ్చి కొన్నాం, మింట్ చేసుకుంటే తప్పేంది" అంటున్నారు. గుడ్డ కొంటే గుడ్డే వస్తుంది నాయనా, కాపీరైట్ రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆర్టిస్ట్ రాతపూర్వకంగా రాసిస్తే తప్ప అది ఆర్టిస్ట్ దగ్గరే ఉంటుంది, ఆయన బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు వారసులది. ఇకమీదట బిల్లు మీద ఈ ముక్క అచ్చు వేయించి ఇద్దాం, బిల్ బుక్కులు రెడీగా ఉన్నాయి, వచ్చి తీసుకోండి.

వర్క్‌షాప్ సంగతి. ఎథీరియం అనే పెద్ద బ్లాక్‌చైన్‌లో మింట్ చేయాలంటే గ్యాస్ ఫీజే, అంటే చైన్‌లో రాయించుకునే రుసుమే, మన బొమ్మ ధర దాకా పోయిన రోజులున్నాయి, పైగా కరెంటు తినేస్తుందని పేరు. అది 2022 సెప్టెంబర్‌లో ప్రూఫ్ ఆఫ్ స్టేక్ అనే కరెంటు తక్కువ తినే పద్ధతికి మారినాక కరెంటు గోల పోయింది, ఫీజు గోల మాత్రం అప్పటికి పోలేదు. అందుకే మనం టెజోస్ అనే ఇంకో బ్లాక్‌చైన్ పట్టుకున్నాం, అక్కడ మింటింగ్ టీ ఖర్చులో అయిపోతుంది. నేర్పించిన అబ్బాయి తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే మన సభ్యుడి కొడుకే, పైసా తీసుకోలేదు. వాడు మొదటి రోజే హిక్ ఎట్ నంక్ కథ చెప్పినాడు. టెజోస్ మీద ఆర్టిస్టులంతా వాడిన సైట్ అది, 2021 నవంబర్‌లో పెట్టినాయనే ఉన్నపళంగా మూసేసినాడు, అయితే టోకెన్లు చైన్ మీద, ఫైళ్ళు ఐపీఎఫ్ఎస్ అనే, ఒక్క సైట్ మీద ఆధారపడని నిల్వలో ఉండబట్టి వాడుకునేవాళ్ళే వేరే అడ్రస్‌లో మళ్ళీ నిలబెట్టుకున్నారు. సైట్‌ని నమ్మొద్దు, మీ ఫైలు మీ దగ్గర పెట్టుకోండి, మీ తాళం మీ దగ్గర పెట్టుకోండి అని వాడు ఎన్నిసార్లు చెప్పినాడో.

తాళం అంటే ఆ సీడ్ ఫ్రేజ్, వరసగా ఇంగ్లీష్ మాటలు, అవి పోతే వ్యాలెట్ పోయినట్టే, ఎవరికైనా చెప్తే వ్యాలెట్ వాళ్ళదైనట్టే, బ్యాంకులో లాగా ఫర్‌గాట్ పాస్‌వర్డ్ ఉండదు. ఫోన్‌లో ఫోటో తీసుకోవద్దు, కాగితం మీద రాసుకోమన్నాడు. మనలో పెద్దవాళ్ళకి ఇంగ్లీష్ చదవడం రాదు. అప్పుడు మన పెద్దాయన ఒకరు ఏం చేసినారంటే, కరక్కాయ పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ ముక్క తెచ్చుకొని, కలం కసిమిలో ముంచి, స్క్రీన్ మీద ఉన్న అక్షరాల్ని బొమ్మ చూసి గీసినట్టే ఒక్కొక్కటి గీసినారు. ఒక్క అక్షరం తేడా లేదు, పైగా "ఎం" కాళ్ళు మన బార్డర్ లత లాగా వంపు తిరిగినాయి. కాగితం తడుస్తుంది, చెదలు పడుతుంది, ఇనుము బెల్లం ఊరబెట్టిన కసిమి కరక్కాయ గుడ్డ మీద పడితే నదిలో ఎంత బాదినా పోదు కదా అన్నారాయన. ఆ అబ్బాయి నోరెళ్ళబెట్టినాడు. తర్వాత అందరూ అదే పద్ధతి పట్టుకున్నారు. గుడ్డ మడతపెట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టుకోండి, గోడకి మాత్రం తగిలించొద్దు, ఒకరింట్లో చూసినా నేను, వెంటనే తీయించినా.

ఫోటోలు ఇంకో పెద్ద పని. ఫోన్ కెమెరా మన కోరా గుడ్డని తెల్ల కాగితం చేసేస్తుంది, కసిమి నలుపుని గోధుమ రంగు చేస్తుంది, నీలి అయితే ఒక్కో ఫోన్‌లో ఒక్కో రకం. అందుకని ఆటో మోడ్ తీసేసి, పొద్దున ఎండ ఏటవాలుగా పడకముందే వరండా నీడలో గుడ్డని ఇస్త్రీ చేసి పలక మీద బిగించి, పెద్ద గుడ్డలయితే ముక్కలు ముక్కలుగా తీసి కంప్యూటర్‌లో అతికించినాం. కష్టపడినందుకు ఫలితం ఉంది, ఒక్కో గడి కింద తెలుగులో రాసే కథ అక్షరాలు స్క్రీన్ మీద జూమ్ చేస్తే స్పష్టంగా చదువుకోవచ్చు. ఎన్ఎఫ్‌టీ రేపు ఉన్నా లేకపోయినా ఈ ఫోటోలు మనవి, ఏ గుడ్డ ఎవరు గీసినారు, రంగులు ఎవరు వేసినారు, ఏ ఏడాది అనేది మొదటిసారి ఒకచోట రాసి పెట్టుకున్నాం. రంగులు వేసిన ఆడవాళ్ళ పేర్లు కూడా రాయించినాం, ఇన్నాళ్ళూ అవి ఎక్కడా లేవు. 1957లో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ ట్రైనింగ్ సెంటర్ మొదలైనప్పటి నుంచి మనూళ్ళో ఎన్ని వేల గుడ్డలు గీసుంటారో, వాటిలో ఎన్నింటికి గీసినవాళ్ళ పేరు తెలుసు? నా మటుకు నాకు ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని ఇదే.

గొప్పగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరి 18న శివరాత్రికి పెట్టిన స్టాల్. కన్నప్ప కథ గుడ్డ మధ్యలో, పక్కన క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే ఆ గుడ్డ టోకెన్ పేజీ, చింత బొగ్గు గీత నుంచి చివరి ఉతుకు దాకా వీడియో. ఏర్పాట్లన్నీ బ్రహ్మాండంగా చేసుకున్నాం, తీరా జనం వచ్చేసరికి సిగ్నల్ చచ్చిపోయింది, అంత జనంలో ఏ నెట్‌వర్క్ పనిచేస్తుంది లెండి. పిల్లలు అప్పటికప్పుడు వీడియోని ట్యాబ్‌లో ఎక్కించుకొని పట్టుకొని నిలబడినారు. భక్తులు దర్శనం చేసుకొని వస్తూ ఆగి, కన్నప్ప కాలి బొటనవేలు లింగం కంటి మీద ఆనించిన చోట జూమ్ చేయించుకొని చూసినారు, అక్కడ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా కనిపిస్తుంది. "ప్రింటా, చేత్తో వేసిందా" అని అడిగినవాళ్ళకి మన అక్కలు గుడ్డ తిప్పి వెనకవైపు చూపించినారు, రంగు ఇటు నుంచి అటు దిగుంటుంది, ప్రింటుకి వెనక వెలవెలబోతుంది. కొంచెం దూరంలో మిషన్ ప్రింటు చీరలు "కలంకారీ" అని అమ్మేవాళ్ళకి ఇది నచ్చలేదు, వచ్చి గొడవ పెట్టుకున్నారు, పెట్టుకోనీ. జీఐ, అంటే ఈ ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు ఉన్న పని మనది, చూసుకోవాల్సినవాళ్ళు చూసుకోకపోతే స్టాల్‌లో నిలబడి మనమే చెప్పుకోవాలి.

ఆ కన్నప్ప గుడ్డనే ఒక కుటుంబం తర్వాత ఫోన్ చేసి టోకెన్‌తో సహా కొన్నది. గుడ్డా టోకెనూ విడదీసి అమ్మకూడదని, ఒకటి చేతులు మారితే రెండోది కూడా మారాలని స్టాంప్ పేపర్ మీద రాయించుకున్నాం. దీని వెనక పన్ను కారణం కూడా ఉంది, శ్రద్ధగా చదవండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో, ఎన్ఎఫ్‌టీ ఆదాయం మీద 30 శాతం పన్ను, కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసేయడానికి లేదు, ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాంట్లో సర్దుకోడానికి లేదు, జులై 1 నుంచి 1 శాతం టీడీఎస్ కూడా. అయితే 2022 జూన్ 30 నోటిఫికేషన్‌లో, టోకెన్‌తో పాటు అసలు వస్తువు హక్కు కూడా చట్టప్రకారం చేతులు మారేదయితే అది ఈ లెక్కలోకి రాదని ఉంది. మన ఆడిటర్ గారు ఈ దారి చూపించినారు, అయినా ఎవరికి వాళ్ళు అమ్మే ముందు ఆయన్ని కలవండి, నన్ను అడిగి అమ్మొద్దు, నేను ఆడిటర్ని కాదు.

మిగతా టోకెన్లు? కొన్ని పోయినాయి, ఎక్కువ అట్లాగే ఉన్నాయి. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. టెజోస్ కాయిన్ టెజ్ ధర 2022 ఏప్రిల్‌లో మూడు డాలర్ల పైన, డిసెంబర్‌కి డాలర్ కింద. నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజ్ దివాలా తీసినాక కొనేవాళ్ళే కనపడలేదు. మళ్ళీ అమ్మినప్పుడల్లా ఆర్టిస్ట్‌కి రాయల్టీ వస్తుందని మొదట్లో అందరూ ఆశపడినారు, నేనూ ఆ మాటే విన్నా, అది చట్టం కాదు, మార్కెట్‌ప్లేస్ పెట్టుకున్న రూలు, అక్టోబర్‌లో మ్యాజిక్ ఈడెన్ అనే మార్కెట్‌ప్లేస్ రాయల్టీ కొనేవాళ్ళ ఇష్టం అనేసింది. కాబట్టి దాన్ని నమ్ముకొని అప్పు చేయొద్దు. వచ్చిన టెజ్‌ని రూపాయల్లోకి మార్చుకోడానికి కేవైసీ పెడితే పాన్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో పొడి అక్షరం, అది సరిచేయించడానికే నెలలు పట్టింది. ఒక బ్యాంకు బ్రాంచిలో అయితే క్రిప్టో అనే మాట వినగానే మన అక్కని దొంగని చూసినట్టు చూసినారంట.

ఇప్పుడు కాస్త ఘాటుగా రాస్తా, ఏమనుకోవద్దు. వర్క్‌షాప్‌కి పేర్లిచ్చినవాళ్ళు బోలెడుమంది, వచ్చినవాళ్ళకి ఒక చాప చాలింది. స్టాల్‌కి డ్యూటీ వేసుకున్న తమ్ముళ్ళు శివరాత్రి రోజు ఫోన్ స్విచాఫ్, మర్నాడు మాత్రం ఫోటోలకి వచ్చి ముందు వరసలో నిలబడినారు. ఇనాగరేషన్‌కి వస్తామని కార్డులో పేరు వేయించుకున్న అధికారి రాలేదు, ఫోన్ కూడా చేయలేదు, ఆయన కోసం కొన్న శాలువా బీరువాలో ఉంది. దాన్ని ఆ ఇంజినీరింగ్ అబ్బాయికి కప్పాలని నా ప్రతిపాదన, ఎవరైనా బలపరచండి.

జమా ఖర్చులు: చందాలు, స్టాల్ మీద వచ్చింది జమ, పలకలు, హార్డ్ డిస్కులు, క్యూఆర్ ప్రింట్లు, టీ టిఫిన్లు, స్టాల్ అద్దె ఖర్చు. కొంచెం మిగిలింది. ఆడిట్ అయిన పేపర్ కోశాధికారి అన్న దగ్గర ఉంది, చూడాలనుకునేవాళ్ళు చూసుకోవచ్చు. టిఫిన్ల ఖర్చు ఎక్కువైందని ఒకరన్నారు, ఆ రోజు రెండు ప్లేట్లు తిన్నది కూడా వాళ్ళే.

కృతజ్ఞతలు: వరండా ఇచ్చిన ఇంటివాళ్ళకి, ఇస్త్రీ పెట్టె తెచ్చిన అక్కకి, రాత్రంతా ఫోటోలు అతికించిన పిల్లలకి, ఫీజు తగ్గించుకున్న ఆడిటర్ గారికి, కసిమి కుండ మోసుకొచ్చిన పెద్దాయనకి, స్టాల్ దగ్గర రోజంతా నిలబడిన అక్కలకి, ఎండలో మంచినీళ్ళు పోసిన పక్క షాపాయనకి. ఎవరి పేరైనా వదిలేసి ఉంటే ఫోన్ చేయండి, గ్రూప్‌లో అలగొద్దు.

వచ్చే ఏడాదికి మూడు పనులు అనుకుంటున్నాం, ఫోటోలు తీయని ఇళ్ళ గుడ్డలు తీయడం, సీడ్ ఫ్రేజ్ గురించి పిల్లలకి కూడా చెప్పి పెట్టడం, ఆ గట్టు అర్జీ. మూడోదానికి ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్ళు ముందుకు రావాలి, నావల్ల కాదు. కమిటీ ఎన్నిక సమావేశం చివర్లో ఉంటుంది, చందా బాకీ ఉన్నవాళ్ళకి ఓటు లేదు, ముందే కట్టి రసీదు తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి