మూడు రోజులు దాచిన మాట

పర్లాకిమిడి

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గొంతు విని అమ్మ జ్వరమేమో అనుకుంది. పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చేసినందుకు నాకు కోపం లేదు. మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉన్నందుకు ఉంది. ఫోనులో అంటే తిట్టినట్టు ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఫొటో తీసి పంపిన మెయిల్‌ను కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. మీ మెయిల్ పెట్టె నిండిపోయింది, ఈ రాత్రిలోగా కింది లింకు నొక్కి పాస్‌వర్డ్‌తో ధ్రువీకరించకపోతే మూసేస్తాం అని ఉంది. పంపినవారి చిరునామాలో మీ విశ్వవిద్యాలయం పేరే. కానీ ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో ఆ రెండూ అతుక్కుపోయి ఎమ్ లాగే కనబడతాయి. రెండో తరగతిలో ఒడియా ఠకారాన్ని చూసి సున్న అని చదివేదానివి, గుర్తుందా? గుండ్రటి అక్షరం చేతిలో మోసపోవడం నీకు కొత్త కాదులే. ఇకపై అలాంటిది వస్తే ఆ లింకు జోలికి వెళ్ళకు. రోజూ వెళ్ళే చిరునామాను నీ చేత్తో టైపు చేసి లోపలికి వెళ్ళు. పెట్టె నిజంగా నిండి ఉంటే అక్కడా తెలుస్తుంది.

నా సంగతి ఒకటి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆఫీసులో హెడ్ క్లర్క్‌గా ఉన్న రోజుల్లో ఒక నోటీసు ప్రింటు తీయించడానికి పెన్ డ్రైవ్ జిరాక్స్ కొట్టుకు పట్టుకెళ్ళాను. తిరిగొచ్చి నా కంప్యూటర్‌కు పెట్టగానే ఫోల్డర్లన్నీ మాయమయ్యాయి. వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు వరుసగా నిలబడ్డాయి. కొట్టు నుంచి వైరస్ అంటించుకొచ్చానన్నమాట. నొక్కాను. తెరుచుకోలేదని ఇంకోసారి నొక్కాను. తర్వాత ఎవరూ చూడలేదు కదా అని పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని టీ తాగడానికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం పరీక్షల విభాగం గుమాస్తా వచ్చి అదే కంప్యూటర్‌కు తన పెన్ డ్రైవ్ పెట్టాడు. సాయంత్రానికి నాలుగు గదుల్లో అదే గోల. నేను పొద్దున్నే చెప్పి ఉంటే నా ఒక్క కంప్యూటర్‌ను పక్కన పెట్టేవాళ్ళు, అంతటితో పోయేది. పైగా అందరూ ఆ గుమాస్తానే అనుమానించారు. నేను నోరు విప్పలేదు. కంప్యూటర్లు రెండు రోజుల్లో బాగయ్యాయి, నాకు మాత్రం ఆ కుర్రవాడి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే నీ మూడు రోజులు నన్ను అంతగా కలవరపెట్టాయి. నీ పేరుతో నీ విద్యార్థులకు అలాంటి మెయిలే వెళితే, మేడమ్ పంపింది కదా అని నొక్కరా? పాస్‌వర్డ్ మార్చానన్నావు, సరే. వేరే చోట్ల తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూసేశావా? నీకు వచ్చే మెయిళ్ళను ఆ పాస్‌వర్డ్ కాజేసినవాడు తన చిరునామాకు మళ్ళించి పెట్టాడేమో సెట్టింగుల్లో చూశావా? పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ మళ్ళింపు పోదు. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా పెట్టి ఉంటే అక్కడా మార్చు. ఉత్తరం అందగానే కంప్యూటర్ విభాగానికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పు. విసుక్కుంటే విసుక్కోనీ.

పాత పాస్‌వర్డ్ ఏమిటో అడగను. నీ పేరు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతే కదా? 1988 నవంబరులో అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విద్యార్థి వదిలిన ప్రోగ్రామ్ వేల కంప్యూటర్లలోకి పాకింది. అది దూరిన దారుల్లో పాస్‌వర్డ్ ఊహించడం ఒకటి. ముందు మనిషి పేరు, తర్వాత ఆ పేరే తిరగేసి, ఆపైన 432 మాటల పట్టీ. ఇన్నేళ్ళ తర్వాత కూడా నువ్వు వాడికి పని మిగల్చలేదు. పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకో. తాటిముంజె, గొడుగు, పొట్టేలు, గుణుపురం రైలు, ఇలా. ఇదే పెట్టకు, పోస్ట్‌మాన్ కూడా చదివేస్తాడు. లోపలికి వెళ్ళేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు ఓటీపీ అంకె వచ్చే ఏర్పాటు కూడా పెట్టుకో.

ఆ అంకె ఎవరడిగినా చెప్పకు. మన సరిహద్దు వాళ్ళకు ఒక జబ్బుంది. ఒడియాలో మాట్లాడితే ఆఫీసు మనిషి అనుకుంటాం, తెలుగులో మాట్లాడితే మనవాడు అనుకుంటాం. బ్యాంకు నుంచి అంటూ ఫోను చేసినవాడు "బాబాయిగారూ" అనగానే మీ పెదనాన్న కరిగిపోయి ఓటీపీ చదవబోయాడు. పెద్దమ్మ ఫోను లాక్కుంది కాబట్టి సరిపోయింది. డబ్బే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాల్సింది, తెల్లవారేదాకా కూర్చోకూడదు.

థీసిస్ లాప్‌టాప్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉందన్నావు. ఇంకొకటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, వెంటనే దాని వైరు తీసేయి. తగిలించే ఉంచితే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ దానికి కూడా తాళం వేస్తుంది. దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా. బీరువాలో పొలం కాగితాల పక్కన పెడతాను. దాన్ని తన పాత పట్టుచీర ముక్కలో చుడతానంటోంది అమ్మ. చుట్టనీ.

నాన్న