ధర పక్కన ఎత్తు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి 24 ఏళ్లు, మాదాపూర్‌లో ఉద్యోగం. ఈ జూన్‌లో మొదటిసారి ఒక్కతే ఊరు దాటింది, అదీ లద్దాఖ్‌లోని లేహ్‌కి. శంషాబాద్‌లో రాత్రి విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, పొద్దున ఏడున్నరకల్లా అక్కడ దిగాలి. దిగగానే ఫోన్ చేస్తానంది. చేయలేదు. మేం చేస్తే కలవలేదు. సాయంత్రం అయిదు దాటేదాకా అదే వరస.

మావారు విమాన సంస్థను కనుక్కుంటే విమానం టైముకే దిగిందన్నారు. గెస్ట్‌హౌస్ నంబరు ఎవరూ ఎత్తలేదు. టికెట్లు, బస అన్నీ చూసిన ట్రావెల్ ఏజెన్సీ అబ్బాయి, "అక్కడ సిగ్నల్ ప్రాబ్లం ఉంటది సార్, టెన్షన్ పడకండి" అని పెట్టేశాడు. మధ్యాహ్నానికి మా ఆడపడుచు వచ్చి కూర్చుంది. "ఆడపిల్లని ఒంటరిగా పంపితే ఇట్లనే అయితది వదినా" అని ఓదార్చింది. దాన్ని ఓదార్పే అనుకోవాలి మరి.

అది సిగ్నల్ సమస్య కానే కాదు. జమ్ముకశ్మీర్, లద్దాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన నిబంధన కూడా కాదు. వారం ముందు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకుని వెళ్లేది. 38 వేలు కట్టించుకున్నవాళ్లకు ఆ ఒక్క మాట చెప్పే తీరిక లేకపోయింది.

ఇది ఫోన్‌తోనే పోయి ఉంటే ఈ లేఖ రాసేదాన్ని కాదు.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఢిల్లీ అంతకన్నా కింద. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. ఢిల్లీలో ఎక్కిన మనిషిని గంటన్నరలోపే తీసుకెళ్లి అంత ఎత్తున దించుతారు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మనకు ఇక్కడ అందేదాంట్లో ఇంచుమించు మూడింట రెండు వంతులే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుందట. మన రెండు రాష్ట్రాలూ గాలించినా 1,700 మీటర్లు దాటే కొండ లేదు. మనకు కొండంటే తిరుమల, శ్రీశైలం, మహా అయితే అరకు. అందుకే ఈ జబ్బు ముచ్చట మన ఇళ్లలో ఎవరి నోటా వినపడదు. దొంగల గురించి, క్యాబ్ నంబరు ఫొటో తీసి పంపడం గురించి, చన్నీళ్లతో తలస్నానం చేయొద్దని గంటసేపు చెప్పాను. గాలి గురించి జాగ్రత్త చెప్పాలని నాకేం తెలుసు?

ఏజెన్సీకి తెలియాలి కదా. వాళ్లిచ్చిన కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. మొదటి రోజు: లేహ్ ప్యాలెస్, శాంతి స్తూపం, షాపింగ్. రెండో రోజు: ఖర్దూంగ్ లా. ఆ కనుమ 5,300 మీటర్లకు పైమాటే. ఆ అంకె మాత్రం కాగితంలో లేదు, నేనే తర్వాత వెతుక్కున్నాను.

ఎయిర్‌పోర్టుకు వచ్చిన డ్రైవర్ ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపాడట. "ఇవాళ ఎక్కడికీ వద్దు మేడమ్, రేపు కూడా వద్దు, పడుకోండి" అని గెస్ట్‌హౌస్‌లో దింపి వెళ్లిపోయాడు. బండి ఖర్చు మిగుల్చుకుంటున్నాడని మా అమ్మాయికి ఒళ్లు మండింది. ఎందుకంటే అప్పటికి తనకు ఏమీ కాలేదు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. దిగగానే హుషారుగానే ఉంటుంది, చాలామందికి ఆరేడు గంటలు గడిచాకే తిరగబడుతుంది. పదింటికి ఒక్కతే బజారుకు నడిచింది. రోడ్డు వారన కూరగాయలు పరుచుకుని కూర్చున్న పెద్దమ్మలు, ఎదురైనవాళ్లంతా "జూలే" అని పలకరింపు. పైన కొండమీద 17వ శతాబ్దం నాటి ప్యాలెస్, తొమ్మిది అంతస్తులు. గోల్కొండ ఎక్కినదాన్ని, ఇదెంతలే అనుకుందట. సగం దారిలో గుండె దడదడలాడి కూలబడింది. గదికి చేరి పడుకుంది. రెండింటికల్లా తల పగిలిపోయే నొప్పి, వాంతులు. నేను కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత కూడా తీయలేదు.

గెస్ట్‌హౌస్ ఆవిడకు, మా అమ్మాయికి మధ్య ఉన్నది అంతంతమాత్రం హిందీ. అయినా దుప్పట్లు కప్పి, వెల్లుల్లి వేసిన సూప్ తాగించి, గంటకోసారి వచ్చి చూసిందట. కరెంటు వచ్చి వైఫై అందుకున్నాక వీడియో కాల్ చేయించింది కూడా ఆవిడే. కరోనా నాటి ఆక్సీమీటర్ మావారే బ్యాగులో పడేశారు. అందులో 86 చూపించింది. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పరిగెత్తాలని కరోనా మనందరికీ నూరిపోసింది కదా, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా వీధిలో సైన్యంలో పనిచేసి రిటైరైన డాక్టరుగారు ఉండబట్టి బతికిపోయాం. అంత ఎత్తులో మొదటి రోజు ఆ అంకె మామూలేనని, అంకెను కాదు మనిషిని చూడమని అన్నారు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని, అక్కడి నుంచి కిందికి దించాలని చెప్పారు. విమానంలో వెళ్లినవాళ్లు కనీసం 48 గంటలు విశ్రాంతిగా ఉండాలట, మద్యం జోలికి పోకూడదట. వయసు, జిమ్ము ఏవీ కాపాడవట. ముందు రోజు నుంచి వేసుకునే మాత్రలున్నాయి గానీ సల్ఫా మందులు పడనివాళ్లకు అవి ప్రమాదం కాబట్టి డాక్టరును అడక్కుండా మింగొద్దన్నారు.

మా అమ్మాయి రెండు రోజులు పడుకుని లేచి, మిగతా ఊరంతా తిరిగి వచ్చింది. ఒంటరిగా వెళ్లడం వల్ల వచ్చిన కష్టం కాదిది. నలుగురు స్నేహితులతో వెళ్లి ఉంటే, ఒకరిని చూసి ఒకరు ఆ రోజే శాంతి స్తూపం మెట్లు కూడా ఎక్కేవారు. మా ఆడపడుచుకు ఈ మాట ఇంకా చెప్పలేదు, పత్రికలో చదువుకుంటుంది.

ఎండాకాలం వస్తే మీ పత్రిక నిండా టూర్ల ప్రకటనలే. ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బఫే బ్రేక్‌ఫాస్ట్ ఉంటుంది, హోటల్‌కు ఎన్ని స్టార్లో ఉంటుంది. ఏ రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తులో పడుకోబోతున్నామో ఎక్కడా ఉండదు. ధర పక్కన ఆ అంకె వేయాలని, ప్రీపెయిడ్ సిమ్ సంగతి ఒక వాక్యం రాయాలని పర్యాటక శాఖ ఏజెన్సీలకు గట్టిగా చెప్పాలి. అంతవరకూ ఆగకుండా ఆ ప్రకటనలకు డబ్బు తీసుకునే మీరే అడగొచ్చు. మీ ఆదివారం యాత్రల పేజీలోనైనా ఊరి పేరు పక్కన ఎత్తు వేయొచ్చు. లేహ్‌లో దిగాక ఎవరో ఒకరు చెబుతారుగా అనొద్దు. అప్పటికి బసలు, బళ్లు అన్నీ రోజుల లెక్కన డబ్బు కట్టి బుక్ అయిపోయి ఉంటాయి. రెండు రోజులు పడుకోమంటే ఎవరు వింటారు?

సెప్టెంబరులో మా అక్క కొడుకు వెళ్తున్నాడు, అదే ఏజెన్సీ. మొన్న వాడికిచ్చిన కాగితం అడిగి తీసుకుని చూశాను. మొదటి రోజు పక్కన శాంతి స్తూపం అనే ఉంది.

ఒక తల్లి,
నల్లకుంట, హైదరాబాద్