అద్దం వెనక గది సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్)లో సముద్రం థీమ్‌తో ఇంకో వినోద కేంద్రం వచ్చే ఆలోచన ఉందని మీ పత్రికలో చదివాను. వేసిన బొమ్మా చూశాను. నీళ్ల కింద సొరంగం, నెత్తిమీద సొరచేపలు, పిల్లలెక్కే జలాంతర్గామి. బాగుంది. వద్దనడానికి నేనెవర్ని? ముప్పై ఏళ్లు పంపుల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఆ బొమ్మలో కనబడని గది గురించే అడుగుతాను. పంపుల గది ఎక్కడ కడుతున్నారు?

ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు నెల్లూరు నుంచి వస్తే ఇలాంటి చోటికే తీసుకెళ్లాను. పేరెందుకులెండి. టేకు చేప ఒకటి దుప్పటి విదిలించినట్టు రెక్కలాడిస్తూ మా మీదుగా పోతుంటే పిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆ ముఖం చూడ్డానికే టికెట్టు డబ్బులు గిట్టాయి. నా చెవి మాత్రం ఇంకోవైపు లాగింది. 'సిబ్బందికి మాత్రమే' అని రాసిన తలుపు వెనక నుంచి డబ్బాలో గులకరాళ్లు పోసి కుదిపినట్టు చప్పుడు. నీళ్లు పీల్చుకునే సక్షన్ వైపు సరిగా అందకపోతే పంపు అలా మొత్తుకుంటుంది. పట్టించుకోకపోతే లోపల నీళ్లను నెట్టే రెక్కల చక్రం, ఇంపెల్లర్, చెద పట్టిన చెక్కలా గుంటలు పడిపోతుంది. సొరంగం మలుపులో ఓ ప్లాస్టిక్ బక్కెట్టు పెట్టారు, పైనుంచి చుక్కచుక్కగా కారుతోంది. చుట్టూ గచ్చు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. వైపర్ పట్టుకున్న కుర్రాణ్ణి అడిగితే, "ఎప్పుడూ ఉండేదే సార్" అన్నాడు తమిళంలో, విసుగూ లేదు, భయమూ లేదు.

"తాతయ్యా, ఆ చేపకి ముక్కెందుకలా గీసుకుపోయింది?" అంది మనవరాలు. ఐస్‌క్రీం కొనిపెడతాను పద అన్నాను.

చెరువులో నీళ్లు పోసి చేపల్ని వదిలినట్టు కాదు ఇది. చేపల విసర్జనలోంచీ, తినగా మిగిలిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తరవాత అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్లలో కుదురుకోవాలంటే వారాలు పడుతుంది. మన దగ్గర రిబ్బను కత్తిరించే తేదీ ముందు ఖాయమవుతుంది, మిగతావన్నీ దాని వెనక పరుగెత్తాలి. బాక్టీరియాకు ఆ తేదీ ఎవరు చెబుతారు? కుదురుకున్నాక కూడా నీళ్లు ఆడుతూనే ఉండాలి. గంటల తరబడి పంపు ఆగితే చేపలకూ ఊపిరాడదు, ఆ బాక్టీరియాకూ ఆడదు. 2016లో వర్దా, 2023లో మిచౌంగ్ తుపాన్లకు ఈ ఊళ్లో ఎన్ని పేటలు రోజుల కొద్దీ చీకట్లో ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. జనరేటర్ ఉందంటే చాలదు. అది వరదనీరు ఎక్కని ఎత్తులో ఉందా, ఎన్ని రోజులకు డీజిల్ నిలవుంచుతారు?

ఇక నీళ్ల లెక్క. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మంచినీళ్లలో ఉప్పు కలిపి తొట్టి నింపుతామంటే ప్రతి 10 లక్షల లీటర్లకూ 35 టన్నుల ఉప్పు కావాలి. ఆ మంచినీళ్లు ఎక్కడివి? 2019 ఎండాకాలంలో పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయి మనం బిందెలతో ట్యాంకర్ల వెంటపడ్డాం. ఆంధ్రాతో తమిళనాడు చేసుకున్న 1983 ఒప్పందం పుణ్యమా అని కండలేరు నుంచి ఇక్కడి పూండి జలాశయానికి వచ్చే కృష్ణ నీళ్లను ఉప్పు కలిపి సొరచేపలకు పోస్తామంటే ఆ నీళ్లు తాగి బతుకుతున్నవాణ్ణి, నాకైతే మింగుడుపడదు. కాదు, సముద్రం నుంచే తోడతామంటారా, సరే. గొట్టం ఏ ఊరి పడవల మధ్య నుంచి వేస్తారో ఆ ఊరివాళ్లకు ముందు చెప్పండి. ఫిల్టర్లు కడిగిన మురికి ఉప్పునీళ్లు మళ్లీ ఎటు పోతాయో కూడా చెప్పండి. పక్కనే బకింగ్‌హాం కాలువ ఉంది. ఆంధ్రాలో మన పెద్దగంజాం దాకా పడవలు నడిచిన కాలువ అది. ఇప్పుడు దాని పక్కన ముక్కు మూసుకోకుండా నడవలేం, ఇంకా ఏం పోస్తారు అందులో?

మద్రాసుకు ఈ సరదా కొత్తేం కాదు. 1909లోనే మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ బాంబులకు భయపడి జనం ఊరొదిలి పోయిన రోజుల్లో అది మూతపడింది. అది యుద్ధం చేసిన పని. 1998లో మహాబలిపురం దారిలోని ఒక పార్కుకు బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు నెలల్లోనే చచ్చిపోయాయి, దానికి ఏ యుద్ధమూ కారణం కాదు. దేశంలో డాల్ఫిన్ షోలు వద్దని కేంద్రం చెప్పేసరికి 2013 వచ్చింది.

అద్దం గట్టిదేనంటారు, ఒప్పుకుంటాను. సొరంగాలకు వాడేది మామూలు గాజు కాదు, మందపాటి ఆక్రిలిక్ ప్లాస్టిక్. కానీ అయిదు మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా అయిదు టన్నుల బరువు పడుతుంది, పగలూ రాత్రీ. 2022 డిసెంబరులో బెర్లిన్‌లో ఒక హోటల్లోని ఆక్రిలిక్ తొట్టి తెల్లవారకముందే పగిలి 10 లక్షల లీటర్ల నీళ్లు వీధిలోకి వచ్చాయి. పట్టపగలు, పిల్లలున్నప్పుడైతే? అతుకుల్ని ఎన్నాళ్లకోసారి ఎవరు చూస్తారో ఇప్పుడే రాసిపెట్టించండి. మొదటి ఏడాది అందరూ బాగానే చూస్తారు, నేనడిగేది అయిదో ఏడాది సంగతి.

ఇంకొకటి కూడా తోస్తోంది. పంపుల గదికి ఒక గోడ అద్దంతో కట్టండి. ఇసుక ఫిల్టరు, నురగలో మురికిని పైకి తీసే గొట్టం, జబ్బు చేసిన చేపను విడిగా ఉంచే తొట్టి, అన్నీ పిల్లలు చూడనీయండి. నాలాంటి ముసలివాళ్లూ అక్కడే నిలబడతాం. నలుగురి కళ్లు పడే చోట బక్కెట్టు పెట్టడానికి ఎవరికైనా కాస్త సిగ్గుగా ఉంటుంది.

మీటింగేదైనా పెడితే వస్తాను. తెలుగులో పెట్టనక్కర్లేదు, నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, తమిళంలో అడగడం వచ్చు. ఎన్ని కార్లకు పార్కింగు ఉందో చెప్పి మాత్రం పంపించేయొద్దనండి.

- ఒక రిటైర్డ్ పంపు మెకానిక్,
తిరువాన్మియూరు, చెన్నై