ఆకు చేసేది చక్కెర ఒక్కటేనా?

సంపాదకులకు,

ఆకు వెలుగులో చక్కెర చేస్తుందని రాసి, మీ విద్యా పేజీ అక్కడితో ఆపేసింది. ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను. ఆకు కణంలో ఆ చక్కెర తయారయ్యే పచ్చటి రేణువులోనే, అంటే హరితరేణువులోనే, ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలూ తయారవుతాయి. వేరు పీల్చిన నైట్రేట్ అనే నత్రజని లవణం ఆకు కణంలో నైట్రైట్‌గా మారి ఆ రేణువులోకి చేరుతుంది. వెలుగు పుట్టించిన ఎలక్ట్రాన్లను ఫెర్రెడాక్సిన్ అనే ప్రోటీన్ అందిస్తే ఆ నైట్రైట్ అమ్మోనియా అవుతుంది, ఆపైన గ్లుటమిన్, గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలు. గ్లుటమిన్ నుంచి గ్లుటమేట్ వచ్చే మెట్టుకు వెలుగు కావాలని 1974లో లీ, మిఫ్లిన్ అనే శాస్త్రవేత్తలు బఠానీ హరితరేణువులతో చూపించారు.

ఇదేదో పుస్తకాల గొడవ అనుకోకండి. గ్లూఫోసినేట్ కలుపుమందు అడ్డుకునేది ఆ గ్లుటమిన్ చేసే ఎంజైమునే. ఎండ బాగా ఉంటేనే దాని దెబ్బ గట్టిగా పడుతుంది. మా కౌలు రైతు మబ్బు రోజున పత్తి సాళ్ల మధ్య కొట్టి, కలుపు చావలేదు, మందు నకిలీదంటూ షాపువాడితో తగాదాకు దిగాడు.

నీట్‌కు చదివే పిల్లలు మీ పేజీ కత్తిరించి దాచుకుంటారు. వచ్చే వారం ఈ నత్రజని ముక్క కూడా వేయండి.

– విశ్రాంత బోటనీ లెక్చరర్, నరసరావుపేట