కిడ్నీ శిబిరానికి సాయం పట్టిన అందరికీ

దాళ్వా కోతల ఎండలు ముదరకముందే శిబిరం పెట్టాలని పట్టుబట్టిన డాక్టరు గారికి ముందుగా దండాలండి. అమలాపురం, రాజోలు వైపు నుంచి వచ్చినవాళ్లు అడిగింది ఒకటే: "షుగరు అదుపులోనే ఉందిగా, ఇంకా ఈ డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. బిళ్ల దేనికి?"

కాలవ కింద సేద్యం చేసేవాళ్లకి తూముతోనే చెప్పారాయన. షుగరు పెరిగితే కిడ్నీ గొట్టాలు చక్కెరతో పాటు ఉప్పునీ వెనక్కి లాగేసుకుంటాయి. దిగువకి ఉప్పు తక్కువ చేరేసరికి, నీరు చాలడం లేదనుకుని కిడ్నీ వడపోత మీదికి రక్తం తెచ్చే తూము తలుపు బార్లా ఎత్తేస్తుంది. ఆ ఒత్తిడికి జల్లెడ దెబ్బతిని మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంది. ఈ బిళ్ల ఆ లాగుడు తగ్గిస్తుంది, ఉప్పు దిగువకి చేరుతుంది, తలుపు దిగుతుంది. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె, 45 కంటే పడిపోయాక షుగరు మీద దీని ప్రభావం అంతంతమాత్రమే, కిడ్నీకి కాపుదల మాత్రం ఉంటుంది. 2020లో వెలువడిన డాపా-సీకేడీ పరిశోధనలో 4,304 మంది ఉంటే, దాదాపు మూడోవంతుకి అసలు షుగరే లేదు. వాళ్లకీ మేలు కనిపించింది.

తలుపు దిగింది కాబట్టి మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం తగ్గుతుంది. "మందు పడలేదు" అని చాలామంది ఆపేసేది సరిగ్గా ఇక్కడే! 30 శాతం లోపు తగ్గుదలకి మానక్కర్లేదు. అంతకు మించితే మాత్రం డాక్టరు చూడాలి: ఒంట్లో నీరు ఎండిందా, నీరు పోయే మాత్ర ఎక్కువైందా, ఒళ్లునొప్పుల బిళ్లలు మింగుతున్నారా అని.

ల్యాబ్ అమ్మాయి పొద్దున్నే పోసిన తొలి మూత్రమే కావాలని కూర్చుంది. జ్వరంతో వచ్చినవాళ్లని తగ్గాక రమ్మంది. ఏసీఆర్ (మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే అంకె) 30 దాటినా ఒక్కసారికే ముద్ర వెయ్యలేదు. మూడు నుంచి ఆరు నెలల్లో తీసిన మూడు నమూనాల్లో రెండిట్లో ఎక్కువుంటేనే లెక్క.

నర్సమ్మ ఒక్కొక్కరి చీటీ వెనక పెన్నుతో రాసింది: వాంతులు, విరేచనాలు, తిండి సయించని జ్వరం, కార్తీకమాసం పూట పూర్తి ఉపవాసం, ఇలాంటి రోజుల్లో బిళ్ల ఆపాలి. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. మామూలుగా తిని తాగుతున్నాక, డాక్టరుని అడిగి మళ్లీ మొదలెట్టాలి. ఆ రోజుల్లో ఆపకపోతే షుగరు 200 కూడా దాటకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోవచ్చు. మిషన్‌లో అంకె బాగుందని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు దాన్ని సొంతంగా మానకూడదు. ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి మర్మాంగాల దురద గురించి, కడుక్కుని పొడిగా ఉంచుకోవడం గురించి చెప్పింది కూడా ఆవిడే. ఆ మాట మైకులో చెబితే ఒక్కరూ వినేవారు కాదు.

మందుల షాపు తమ్ముడూ, మెట్‌ఫార్మిన్ (ఇంకో షుగరు మందు) కలిసిన బిళ్లల్ని ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నవాళ్ల చీటీల్లో పట్టుకుని డాక్టరు గారికి చూపించావు. చాలా పెద్ద సాయం.

రెండో రక్తపరీక్షకి వచ్చేవాళ్లు ఇంట్లో ఉన్న నొప్పి మాత్రల అట్టలు కూడా తేండి. దాచొద్దు, ఎవరూ తిట్టరు.