నల్లా నీళ్లను తిట్టేముందు సంపు మూత తీసి చూడండి

సంపాదకుడు గారికి,

ఈ మధ్య హైదరాబాద్‌లో ఎవరింటికి వెళ్లినా ఒకటే ప్రశ్న, "ఇంకా నల్లా నీళ్లే తాగుతున్నారా?" అని. తాగుతున్నాం అంటే జాలిగా చూస్తారు.

గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదిలిపోరని పెద్దలు అనేవారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువు అది, 1920లో పూర్తయింది, అక్కడి నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కి నీళ్లు మోటారు లేకుండా పల్లానికి పారి వచ్చేవి. ఇప్పుడు ఊరు పెరిగింది. 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి, వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటు ఖర్చుపెట్టి ఎత్తిపోసుకుంటున్నాం. దారిలో పటిక కలిపి మట్టిని అడుగుకి దింపి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి పంపిస్తారు. చివరి ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది లెక్క. మనం ముక్కు మూసుకునే ఆ వాసన అదే, దారిలో ఏదైనా క్రిమి చేరితే చంపడానికి ఉంచింది. ఆ నీళ్లను పారబోసి, వీధి చివర బోరు నీళ్లనే ఆర్వో పట్టి నింపిన క్యాన్ కొంటాం, ఆ క్యాన్ ఎప్పుడు కడిగారని మాత్రం అడగం!

పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే అందరం కలిసి నల్లానే తిట్టాం. తీరా చూస్తే సంపు మూత పగిలి ఉంది, పక్కనే డ్రైనేజీ చాంబర్, కడిగి మూడేళ్లయిందని వాచ్‌మన్ చెప్పాడు. ఇంకోటి, రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధుల్లో పైపులు మిగతా సమయమంతా ఖాళీగా ఉంటాయి, ఎక్కడ జాయింటు వదులైతే అక్కడ మురుగు లోపలికి వస్తుంది, ఆ పైన కొందరు లైనుకే మోటారు బిగించి లాగుతుంటే ఇక చెప్పేదేముంది. ప్లాంటులో శుభ్రంగా బయల్దేరిన నీళ్లు మన గల్లీలోనే పాడవుతున్నాయి.

అందుకే అధికారులను అడిగేది ఒకటే. లైన్‌మన్ చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలేసి, పసుపు రంగు చూసి క్లోరిన్ ఎంతుందో చెప్తాడు కదా, మా వీధిలో ఆ నెల వచ్చిన అంకెను నీటి బిల్లు మీద వేయండి. 0.2 కన్నా తక్కువ వస్తే అది కూడా వేయండి, దాచొద్దు. అంకె కనబడితే తప్పు పైపుదో సంపుదో మాకే తెలుస్తుంది, ఉత్తినే భయపడి నెలనెలా క్యాన్లకి డబ్బు పోయడం తగ్గుతుంది.

మా సంపు గత ఆదివారమే కడిగించాం. 2,400 అయింది, పన్నెండు ఇళ్లు, తలా 200. ఇద్దరు ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మెహిదీపట్నం