గళ్ళ లుంగీ పువ్వుకే నా ఓటు

ఒరేయ్ బావా,

నీ లిస్టు అందింది. పదకొండు రకాల ఆర్కిడ్లా! పెళ్ళి భోజనం మెనూ చదివినట్టుంది. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి పప్పు సంగతి మర్చిపోయాను. నువ్వేమో పువ్వుల ఫొటోలు చూసి రాశావు, నేనేమో నీ బాల్కనీ గుర్తు తెచ్చుకుని కొట్టేస్తూ పోయాను. చివరికి మూడు మిగిలాయి. తిట్టుకోకుండా మొత్తం చదువు.

మనం అనుకున్నదేంటి? ఒకే రకం మొక్కలు సగం నీ దగ్గర, సగం నా దగ్గర, ఒకే రోజు మొదలుపెట్టి ఎక్కడ ఎలా పెరుగుతాయో చూద్దామని కదా. అంటే ఒళ్ళంతా జిడ్డయ్యే మా విశాఖ ఉక్కలోనూ బతకాలి, మే నెలలో 42 డిగ్రీల ఎండకి ఆరేసిన బట్టలు అరగంటలో అప్పడాలయ్యే మీ మియాపూర్‌లోనూ బతకాలి. ఈ పరీక్షలోనే సగం పోయాయి. సింబీడియం హైబ్రిడ్లు, అంటే ఆ ఆర్కిడ్ సంకర రకాలు, సిక్కిం, డార్జిలింగ్ చలికి అలవాటు పడ్డవి. రాత్రిళ్ళు బాగా చల్లబడితే గానీ పూల కాడ వెయ్యవు. మన దగ్గర ఏళ్ళ తరబడి గడ్డి పెంచుకున్నట్టే. నీలి వాండా ఖాసీ కొండలది. దానికీ చల్లదనం కావాలి, పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత మొక్క. నాకు ఆ టెన్షన్లన్నీ ఎందుకురా.

ఇక నీ ముద్దుల ఫెలనాప్సిస్. దాని గురించి నువ్వు మాట్లాడకూడదు. గృహప్రవేశానికి ఎవరో ఇస్తే ఎర్రమట్టి కుండీలో పాతి రోజూ చెంబుడు నీళ్ళు పోశావు. రెండు నెలల తర్వాత 'చచ్చిపోయింది బావా' అని ఫోన్ చేశావు. అది చచ్చిపోలేదు, నువ్వు పూడ్చిపెట్టావు! ఆ వేళ్ళకి మట్టి కాదు, గాలి కావాలి. వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఒకటుంటుంది. పొడిగా ఉంటే వెండి రంగులో, తడిస్తే పచ్చగా కనబడుతుంది. నీళ్ళెప్పుడు పొయ్యాలో ఆ రంగే చెబుతుంది, ఏ యాపూ అక్కర్లేదు. వెండి రంగుకొస్తే పొయ్యి, పచ్చగా ఉంటే చేతులు కట్టుకుని కూర్చో. నీకు కష్టమైంది ఆ రెండోదే.

ఇప్పుడు నా ఓటు. వాండా టెసెలాటా. ఫొటో చూసి మొహం చిట్లించావని తెలుసు. గోధుమరంగు రేకుల మీద గళ్ళు, కింద పెదవి మాత్రం ఊదా నీలం. గళ్ళ లుంగీ కట్టుకుని పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా ఉంటుంది. కానీ దగ్గరకెళితే తియ్యటి వాసన. ఆకులు దళసరిగా ఉండి, కొసలు ఎలక కొరికినట్టు ఉంటాయి. మన మామిడితోటల్లో, ఎండిన మైదానాల్లో ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే బతికే జాతి ఇది. మీ ఎండ దీనికి కొత్త కాదు.

నా దగ్గరున్నది ఎలా వచ్చిందో చెప్పానా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక, మా పెదనాన్న తోటలో మామిడిచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. కొమ్మలు నరుకుతుంటే కూలీ ఒకతను 'ఈ బదనికని పొయ్యిలో పెట్టనా' అన్నాడు. దాన్ని ఇంటికి తెచ్చి, చెక్కకి కొబ్బరి తాడుతో కట్టాను. మొదటి ఏడాది ఒక్క ఆకు కూడా వెయ్యలేదు. ఇప్పుడు దానికి అడుగున నాలుగు పిలకలున్నాయి. రెండు నీకు.

బదనిక అంటే చెట్టు రసం పీల్చేస్తుందని మా నాయనమ్మ అనేది. నిజంగా పీల్చేవి వేరే ఉన్నాయి. ఇది మాత్రం అద్దె కట్టని కిరాయిదారు, అంతే. కొమ్మ మీద కూర్చుని వానా మంచూ తాగి బతుకుతుంది. తమాషా ఏంటంటే, వాండా అన్న పేరు సంస్కృతంలోని 'వందాక' నుంచి వచ్చింది. చెట్టు మీద పెరిగే మొక్క అని అర్థం, మన బదనిక అన్నమాట. 1780ల్లో మన సామర్లకోటలో మొక్కల తోట నడిపిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో ఈ గళ్ళ పువ్వుని అచ్చులో వర్ణించాడు. అంత పాత చుట్టాన్ని వదిలేసి థాయిలాండ్ హైబ్రిడ్ల వెంట పడతానంటావేంట్రా!

రెండోది రింకోస్టైలిస్ రెటూసా. నక్కతోకలా వేలాడే గుత్తి, తెల్లటి పువ్వుల మీద గులాబీ చుక్కలు. అస్సాం వాళ్ళ రాష్ట్ర పుష్పం ఇదే. కొపౌ ఫూల్ అంటారు, బిహూ ఆడే అమ్మాయిలు కొప్పులో పెట్టుకుంటారు. మన పాడేరు, అరకు కొండల్లోనూ ఉంది. కానీ కొండ మొక్క కొనేది లేదు. నేనొకసారి ఘాట్ రోడ్డు పక్కన బేరమాడి మరీ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే వేళ్ళన్నీ తెగిపోయి ఉన్నాయి, ఆర్నెల్లకి ఎండిపోయింది. చెట్టు నుంచి పీకించింది నా మూడొందలే కదా అని చాలా రోజులు బాధపడ్డాను. అందుకే ల్యాబ్‌లో విత్తనం నుంచి పెంచిన పిల్లమొక్కల సీసా ఒకటి కొందాం. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండే ఉండదు. అడవిలో ఏదో బూజు సాయం చేస్తే గానీ మొలవదు. 1922లో నడ్సన్ అనే ఆయన చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద బూజు లేకుండానే మొలిపించి చూపించాడు. ఆ పుణ్యమే ఈ సీసాలు. పాతిక దాకా పిల్లలుంటాయి, చెరిసగం పంచుకుందాం. పూతకి నాలుగైదేళ్ళు పడుతుంది. అప్పటికి మీ వాడు ఇంటర్‌కొస్తాడు.

అంతకాలం నువ్వు ఆగలేవని తెలుసు కాబట్టి మూడోది నీకోసమే. హైబ్రిడ్ డెండ్రోబియం, ఊదాది. కడియం నర్సరీల్లో దొరుకుతుంది. బొగ్గు, పెంకుముక్కలు, కొబ్బరి పీచు వేసిన కుండీలో పెట్టు. 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీళ్ళకి అర గ్రాము చొప్పున వారానికోసారి చాలు.

నీళ్ళ సంగతి ఒక్కటి గట్టిగా చెబుతున్నా. ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్టు నీళ్ళు చెల్లెమ్మ బకెట్లో పట్టి మొక్కలకి పోస్తుందన్నావు. వీటికి మాత్రం వద్దు. ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది, వేళ్ళ కొసలు మాడిపోతాయి. మీ బోరు నీళ్ళూ అంతే. వానొస్తే డ్రమ్ము పెట్టి పట్టు.

వచ్చే శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నా. పిలకల్ని పాత పేపర్లో చుట్టి తెస్తాను, రెండ్రోజులు పొడిగా ఉన్నా ఏమీ కాదు. ఈలోగా ఆ పడమటి బాల్కనీకి 50 శాతం షేడ్ నెట్ కట్టించు, సీలింగుకి రెండు హుక్కులు వేయించు. ఒక నోటుబుక్కు కూడా కొను, ఆకుల లెక్క నువ్వే రాయాలి. ఎర్రమట్టి బస్తా ఇంకా ఉంటే, నేను వచ్చేలోపు ఎవరికైనా ఇచ్చెయ్.

నీ బావ